టెంపరేచర్‌తో ఓవ్యులేషన్ ట్రాకింగ్: వాచ్ కొలిచేది ఎంత, యాప్ ఊహించేది ఎంత?

మామూలుగా నేను ఇక్కడ వాచీలు, ఇయర్‌బడ్స్ రివ్యూలు రాస్తుంటాను. ఈసారి ఒకే ఒక్క సెన్సార్ గురించి రాస్తున్నా. స్మార్ట్‌వాచ్ స్పెక్స్ లిస్ట్‌లో "స్కిన్ టెంపరేచర్" అని ఒక లైన్ ఉంటుంది కదా, అదే. చాలామంది అది జ్వరం చూసుకోవడానికి అనుకుంటారు. నిజానికి కంపెనీలు దాన్ని ముఖ్యంగా వాడేవాటిలో ఒకటి, ఆడవాళ్లలో అండం ఎప్పుడు విడుదలైందో అంచనా వేయడం. దాన్నే ఓవ్యులేషన్ అంటారు. అబ్బాయిలూ, స్కిప్ చేయకండి. చివర్లో మీకూ పని ఉంది.

ముందు నా కథ చెప్తా. నాకు 27 ఏళ్లు. పెళ్లయి రెండేళ్లయింది. పిల్లల కోసం ట్రై చేద్దాం అనుకున్న రోజే ఒక పీరియడ్ ట్రాకింగ్ యాప్ ఇన్‌స్టాల్ చేశాను. నెలలో ఆరు రోజులకి రంగు వేసి "ఫెర్టైల్ విండో" అని చూపించేది. మా ఆయనా నేనూ ఇద్దరం సాఫ్ట్‌వేరే. రాత్రి కాల్స్, రిలీజులు. అందుకే ఆ ఆరు రోజులు మాత్రం ఖాళీ పెట్టుకునేవాళ్లం.

ఐదు నెలలు అలాగే గడిచాయి. ప్రతి నెలా ఒకటే తంతు. యాప్ "పీరియడ్ 5 రోజులు లేట్" అని నోటిఫికేషన్ ఇచ్చేది. నేను పరుగున వెళ్లి టెస్ట్ కిట్ తెచ్చుకునేదాన్ని. ఒకటే గీత. ఆ రోజో మర్నాడో పీరియడ్ వచ్చేసేది. ఆదివారం ఫోన్‌లో అత్తయ్య "ఏమ్మా, ఏమైనా విశేషమా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు. నాలోనే ఏదో లోపం ఉందని గట్టిగా ఫిక్స్ అయిపోయా.

ఐదో నెల ఒకరోజు యాప్ సెట్టింగ్స్ ఓపెన్ చేశా. సైకిల్ లెంగ్త్: 28. అది డిఫాల్ట్ వాల్యూ. ఇన్‌స్టాల్ చేసినప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కేసుకుంటూ పోయా కదా, అలాగే ఉండిపోయింది. నేను ప్రతి నెలా తేదీలు ఎంటర్ చేస్తున్నా యాప్ ఆ నంబర్‌ని మార్చలేదు. పాత తేదీలు లెక్కేస్తే నా సైకిల్ 32, 33 రోజులు. అంటే నాకు పీరియడ్ ఒక్కసారి కూడా లేట్ కాలేదు. నేను ఐదు నెలలు ఒక హార్డ్‌కోడ్ చేసిన నంబర్‌ని నమ్మి ఏడ్చాను.

అప్పటినుంచి ఊహ కాకుండా కొలత కావాలనిపించింది. అలా మొదలైందే ఈ టెంపరేచర్ ట్రాకింగ్.

అసలు టెంపరేచర్ ఎందుకు మారుతుంది?

పీరియడ్ మొదలైన రోజుని 1వ రోజుగా లెక్కపెడతారు. సైకిల్ మొదటి భాగంలో అండాశయంలో ఒక అండం తయారవుతుంది. ఒక దశలో ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఒక్కసారిగా పెరుగుతుంది. అది పెరగడం మొదలైన సుమారు 24 నుంచి 36 గంటల్లో అండం బయటికి వస్తుంది. అండం వెళ్లిపోయాక మిగిలిన పొర కార్పస్ లూటియం అనే చిన్న గ్రంథిలా మారి ప్రొజెస్టెరాన్ హార్మోన్‌ని విడుదల చేస్తుంది.

ఈ ప్రొజెస్టెరాన్ మెదడులోని హైపోథాలమస్ మీద పనిచేస్తుంది. శరీరం ఎంత వేడిగా ఉండాలో నిర్ణయించేది అదే. ఏసీ రిమోట్‌లో సెట్టింగ్ ఒక పాయింట్ పైకి నొక్కినట్టు, మన శరీరం సెట్టింగ్ సుమారు 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పైకి జరుగుతుంది. గర్భం రాకపోతే పీరియడ్ దగ్గరపడే కొద్దీ ప్రొజెస్టెరాన్ తగ్గుతుంది, టెంపరేచర్ మళ్లీ కిందికి దిగుతుంది. గ్రాఫ్ గీస్తే రెండు మెట్లలా కనిపిస్తుంది. మొదటి భాగం కింది మెట్టు, రెండో భాగం పై మెట్టు.

ఇది కొత్త సంగతి కాదు. వాన్ డి వెల్డె అనే డచ్ గైనకాలజిస్ట్ 1900ల తొలినాళ్లలోనే ఈ రెండు మెట్ల గ్రాఫ్‌ని గుర్తించాడు. వాచ్ కంపెనీలు చేసిందల్లా ఆ పాత థర్మామీటర్ పనిని ఆటోమేట్ చేయడమే.

ఇంకో ముఖ్యమైన పాయింట్. సైకిల్ పొడవు మారేది ఎక్కువగా మొదటి భాగం వల్లే. ఓవ్యులేషన్ తర్వాతి భాగం చాలామందిలో 12 నుంచి 14 రోజులు, కొంచెం అటూ ఇటూ ఉంటుంది. అందుకే 28 రోజుల సైకిల్‌లో 14వ రోజు దగ్గర ఓవ్యులేషన్ అయితే, 33 రోజుల సైకిల్‌లో అది 19వ రోజు దగ్గరికి జరుగుతుంది. "అందరికీ 14వ రోజే" అన్నది తప్పు.

ఆరు రోజుల లెక్క

అండం బతికేది 12 నుంచి 24 గంటలు. వీర్యకణాలు మాత్రం శరీరంలో 5 రోజుల వరకు బతకగలవు. అందుకే ఓవ్యులేషన్ రోజు, దానికి ముందు 5 రోజులు, మొత్తం ఆరు రోజులే గర్భం వచ్చే రోజులు. 1995లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన స్టడీలో పిల్లల కోసం ప్రయత్నిస్తున్న 221 మంది మహిళల్ని గమనించారు. గర్భాలన్నీ ఈ ఆరు రోజుల్లో కలిసినవాళ్లకే వచ్చాయి. మొదటి రోజు అవకాశం సుమారు 10 శాతం ఉంటే, ఓవ్యులేషన్ రోజుకి అది 33 శాతానికి పెరిగింది.

అదే రీసెర్చ్ టీమ్ 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇంకో విషయం చెప్పింది. అప్పటి గైడ్‌లైన్స్ చెప్పే 10 నుంచి 17వ రోజుల మధ్య ఫెర్టైల్ విండో మొత్తం పడేది సుమారు 30 శాతం మందికే.

ఇప్పుడు అసలు విషయం జాగ్రత్తగా చూడండి. టెంపరేచర్ పెరిగేది ఓవ్యులేషన్ అయిపోయాక. గర్భం వచ్చే రోజులు అంతకు ముందు. అంటే గ్రాఫ్ పైకి ఎక్కే సమయానికి ఆ నెల కిటికీ మూసుకుపోయినట్టే. టెంపరేచర్ అనేది లాగ్ ఫైల్ లాంటిది. ఏం జరిగిందో కరెక్ట్‌గా చెప్తుంది, ఏం జరగబోతోందో చెప్పదు. ఈ ఆర్టికల్‌లో మీరు ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోవాలంటే ఇదే.

థర్మామీటర్‌తో ఎలా కొలవాలి?

పూర్తి విశ్రాంతిలో ఉన్నప్పటి శరీర ఉష్ణోగ్రతని బేసల్ బాడీ టెంపరేచర్, షార్ట్‌గా బీబీటీ అంటారు. నేను పాటించిన పద్ధతి ఇది:

1. రెండు దశాంశ స్థానాలు చూపించే థర్మామీటర్ తీసుకోండి. ఆన్‌లైన్‌లో బీబీటీ థర్మామీటర్ అని దొరుకుతుంది. మనం వెతికే తేడానే అరడిగ్రీలోపు కాబట్టి రెండో అంకె కూడా పనికొస్తుంది.
2. నిద్ర లేవగానే, మంచం దిగకముందే, నీళ్లు కూడా తాగకముందే నాలుక కింద పెట్టి కొలవాలి. థర్మామీటర్ దిండు పక్కనే ఉండాలి.
3. అంతకు ముందు కనీసం మూడు నాలుగు గంటలు ఏకధాటిగా నిద్రపోయి ఉండాలి.
4. రోజూ దాదాపు ఒకే టైమ్‌కి కొలవాలి. ఒకే థర్మామీటర్ వాడాలి. దానిలో చిన్న తేడా ఉన్నా రోజూ అదే తేడా వస్తుంది కాబట్టి గ్రాఫ్ ఆకారం మారదు. మనకు కావాల్సింది ఆకారమే.
5. జ్వరం, రాత్రి మేలుకోవడం, మందు తాగడం, ప్రయాణం ఇలాంటివి ఉంటే ఆ రోజు పక్కన నోట్ రాయండి.

గ్రాఫ్ చదవడం: మూడు, ఆరు రూల్

ఒక్కరోజు టెంపరేచర్ పెరిగిందని ఓవ్యులేషన్ అయిపోయిందని అనుకోకూడదు. దీనికి ఒక సింపుల్ రూల్ ఉంది. వరసగా 3 రోజుల రీడింగ్స్, వాటికి ముందున్న 6 రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువ రీడింగ్ కంటే పైన ఉండాలి. ఆ మూడింటిలో చివరిది కనీసం 0.2 డిగ్రీలు పైన ఉండాలి.

నా మొదటి సైకిల్ రీడింగ్స్ చూద్దాం, అన్నీ సెల్సియస్‌లో:

14వ రోజు: 36.42
15వ రోజు: 36.35
16వ రోజు: 36.40
17వ రోజు: 36.44
18వ రోజు: 36.37
19వ రోజు: 36.41
20వ రోజు: 36.62
21వ రోజు: 36.68
22వ రోజు: 36.71

14 నుంచి 19 వరకు ఆరు రోజుల్లో గరిష్ఠం 36.44. తర్వాతి మూడు రోజులూ దానికంటే పైనే ఉన్నాయి. మూడోది 36.71, అంటే 0.27 ఎక్కువ. రూల్ పాస్. ఓవ్యులేషన్ 19వ రోజు దగ్గర అయిందని అర్థం. ఈ లెక్కలో ఒకటి రెండు రోజులు అటూ ఇటూ ఉండొచ్చు.

దీన్ని ఐదారు లైన్ల పైథాన్‌లో రాసేయొచ్చు, నేను రాశాను కూడా. కానీ ఆ రోజు నన్ను కుదిపేసింది కోడ్ కాదు, పక్కన పెట్టి చూసిన రెండు వరసలు. యాప్ నాకు చూపించిన ఫెర్టైల్ విండో 9 నుంచి 14వ రోజు. నా గ్రాఫ్ ప్రకారం అసలు విండో 14 నుంచి 19. రెండిటికీ కలిసింది ఒకే ఒక్క రోజు, అది కూడా అవకాశం అన్నిటికన్నా తక్కువ ఉండే మొదటి రోజు. ఐదు నెలలు మేం సరిగ్గా తప్పు రోజుల్లో ఆఫీస్ కాల్స్ క్యాన్సిల్ చేసుకున్నాం.

వాచ్, రింగ్ ఏం చేస్తాయి?

రోజూ పొద్దున థర్మామీటర్ గుర్తుపెట్టుకోవడం కష్టం. ఇక్కడే వేరబుల్స్ పనికొస్తాయి. అవి కొలిచేది లోపలి టెంపరేచర్ కాదు, చర్మం టెంపరేచర్. అది గది చల్లదనానికి, దుప్పటికి, నిద్ర లోతుకి బాగా మారుతుంది. అందుకే రాత్రంతా కొలిచి, మీ పాత రాత్రులతో పోల్చి, తేడా మాత్రమే చూపిస్తాయి.

యాపిల్ 2022లో వాచ్ సిరీస్ 8, అల్ట్రా మోడల్స్‌లో రెండు టెంపరేచర్ సెన్సార్లు పెట్టింది. ఒకటి వెనకవైపు చర్మానికి దగ్గరగా, ఇంకోటి డిస్‌ప్లే కింద. రెండోది బయటి వాతావరణం ప్రభావాన్ని తీసేయడానికి. నిద్రలో ప్రతి 5 సెకన్లకి కొలుస్తుంది. బేస్‌లైన్ కోసం సుమారు 5 రాత్రులు, ఓవ్యులేషన్ అంచనాకి సుమారు రెండు సైకిల్స్ డేటా కావాలి. స్లీప్ ఫోకస్ ఆన్‌లో లేకపోతే రీడింగ్ రాదు, ఇది చాలామంది మర్చిపోతారు. శాంసంగ్ గెలాక్సీ వాచ్ 5లో ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్ 2022లోనే ఉన్నా, దాన్ని సైకిల్ ట్రాకింగ్‌కి వాడే ఫీచర్ 2023లో వచ్చింది. ఔరా రింగ్, మన బెంగళూరు కంపెనీ అల్ట్రాహ్యూమన్ రింగ్ వేలి దగ్గర ఇదే పని చేస్తాయి.

యాపిల్ తన ఓవ్యులేషన్ ఫీచర్‌ని "గతాన్ని చూసి వేసే అంచనా" అనే చెప్తుంది. నిజాయితీగా పెట్టిన పేరు అది. మీరు ఏ డివైస్ వాడినా స్క్రీన్ మీద రెండు రకాల సమాచారం ఉంటుందని గుర్తుంచుకోండి. "ఈ నెల ఫలానా రోజు ఓవ్యులేషన్ అయి ఉండొచ్చు" అన్నది కొలత మీద ఆధారపడింది. "వచ్చే నెల ఫలానా రోజుల్లో అవుతుంది" అన్నది పాత నెలల్ని చూసి చేసిన ఊహ. రెండూ ఒకేలా నమ్మదగినవి కావు. తేడా మనమే పట్టుకోవాలి.

నేను మూడు సైకిల్స్ థర్మామీటర్, వాచ్ రెండూ వాడాను. వాచ్ వేసిన అంచనాకీ నా లెక్కకీ ఒక రోజు తేడా వచ్చింది. ఒక నెల వరసగా నాలుగు రాత్రులు రిలీజ్ సపోర్ట్‌లో కూర్చుంటే మాత్రం వాచ్ ఏ అంచనా ఇవ్వలేదు. డేటా లేనప్పుడు నోరు మూసుకోవడం మంచి అల్గారిథమ్ లక్షణం.

గ్రాఫ్‌లో మెట్టు కనిపించకపోతే?

భయపడొద్దు. అప్పుడప్పుడు అండం విడుదల కాని సైకిల్ ఎవరికైనా రావచ్చు. నిద్ర సరిగ్గా లేకపోయినా మెట్టు కనపడకపోవచ్చు. హార్మోన్ల గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకి ఈ గ్రాఫ్ వర్తించదు. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో ఓవ్యులేషన్ ఆలస్యం కావడం, కొన్ని నెలలు కాకపోవడం ఉంటుంది. వరసగా రెండు మూడు సైకిల్స్ మెట్టు లేకపోతే ఆ గ్రాఫ్ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అలాగే పై మెట్టు దిగకుండా 18 రోజులు దాటితే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి.

ముందే తెలియాలంటే?

దీనికి సెన్సార్ కన్నా మెడికల్ షాపులో దొరికే ఓవ్యులేషన్ స్ట్రిప్ మేలు. మూత్రంలో ఎల్‌హెచ్ పెరుగుదలని పట్టుకుంటుంది, అంటే ఓవ్యులేషన్‌కి ఒకరోజు ఒకటిన్నర రోజు ముందే తెలుస్తుంది. మీ సైకిళ్లలో అన్నిటికన్నా చిన్నదాని పొడవులోంచి 17 తీసేస్తే వచ్చే రోజు నుంచి టెస్ట్ మొదలుపెట్టొచ్చు. నాది 32, కాబట్టి 15వ రోజు నుంచి. రెండో సైకిల్‌లో నాకు 18వ రోజు గీత ముదురుగా వచ్చింది, 20వ రోజు టెంపరేచర్ ఎక్కింది. పీసీఓఎస్ ఉంటే ఈ స్ట్రిప్ ఓవ్యులేషన్ లేకుండానే పాజిటివ్ చూపించవచ్చు, జాగ్రత్త.

ఇంకో ఉచిత సంకేతం కూడా ఉంది. ఓవ్యులేషన్ దగ్గరపడినప్పుడు వైట్ డిశ్చార్జ్ గుడ్డులోని తెల్లసొనలా పల్చగా, సాగేలా మారుతుంది. ఇది మన అమ్మలు మనకు చెప్పలేదు, బయాలజీ టీచర్ ఆ చాప్టర్ వేగంగా దాటేశారు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

సింపుల్‌గా: స్ట్రిప్, డిశ్చార్జ్ ముందే హెచ్చరిస్తాయి. టెంపరేచర్ తర్వాత కన్ఫర్మ్ చేస్తుంది.

గర్భం వద్దనుకునేవాళ్లకి వార్నింగ్

"ఫెర్టైల్ రోజులు తెలిస్తే మిగతా రోజులు సేఫ్ కదా" అని వాచ్‌ని నమ్మకండి. తన సైకిల్ ట్రాకింగ్‌ని గర్భనిరోధానికి వాడొద్దని యాపిలే చెప్తుంది. ఆ పనికి అమెరికాలో ఎఫ్‌డీఏ అనుమతి మొదట తెచ్చుకున్న యాప్ స్వీడన్‌కి చెందిన నేచురల్ సైకిల్స్, 2018లో. దాని ఫౌండర్లలో ఒకరైన ఎలీనా బెర్గ్లుండ్ అంతకు ముందు సెర్న్‌లో ఫిజిసిస్ట్. ఆ యాప్ కూడా మామూలు వాడకంలో 93 శాతం పనిచేస్తుందనే చెప్తుంది. అంటే ఏడాదిలో వంద మందిలో సుమారు ఏడుగురికి గర్భం రావచ్చు. 2018లోనే బ్రిటన్‌లో ఆ యాప్ ఫేస్‌బుక్ యాడ్‌ని తప్పుదోవ పట్టించేలా ఉందని అక్కడి ప్రకటనల నియంత్రణ సంస్థ ఆపించింది. అనుమతి ఉన్న యాప్ పరిస్థితే ఇలా ఉంటే, ప్లే స్టోర్‌లో ఉచితంగా దొరికే రంగుల క్యాలెండర్ సంగతి మీరే ఆలోచించండి.

డేటా ఎవరి దగ్గర ఉంటుంది?

2021లో ఫ్లో అనే పీరియడ్ యాప్, యూజర్ల ఆరోగ్య సమాచారాన్ని ఫేస్‌బుక్, గూగుల్ లాంటి కంపెనీలతో పంచుకుందన్న ఆరోపణ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో సెటిల్‌మెంట్ చేసుకుంది. ఇన్‌స్టాల్ చేసే ముందు డేటా ఫోన్‌లోనే ఉంటుందా, సర్వర్‌కి వెళ్తుందా, డిలీట్ ఆప్షన్ ఉందా చూడండి. నా రీడింగ్స్ అయితే ఇప్పుడు ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఉన్నాయి.

నా వెర్డిక్ట్

వాచ్ కొనాలనే ఆలోచన ముందే ఉంటే టెంపరేచర్ సెన్సార్ ఉన్నది తీసుకోండి, మంచిదే. ఈ ఒక్క పని కోసమే వేలు పెట్టి కొనక్కర్లేదు. థర్మామీటర్, స్ట్రిప్స్, ఒక నోట్‌బుక్ చాలు. యాప్ వాడితే ముందు సైకిల్ లెంగ్త్ సెట్టింగ్ చూడండి. 28 ఉంటే, అది మీ నంబరో డెవలపర్ నంబరో కనుక్కోండి.

35 ఏళ్లలోపు ఉంటే ఏడాది, 35 దాటితే ఆరు నెలలు ప్రయత్నించాక డాక్టర్‌ని కలవాలి. పీరియడ్స్ బాగా ఇర్రెగ్యులర్‌గా ఉంటే అంతవరకు ఆగక్కర్లేదు. గ్రాఫ్ చెప్పేది అండం విడుదలైందా లేదా అన్నది మాత్రమే. ట్యూబులు, గర్భసంచి, వీర్యకణాల సంఖ్య గురించి ఏ వాచీ చెప్పదు.

అబ్బాయిలూ, మీ పని ఇక్కడే. గర్భం రాకపోవడానికి మగవాళ్ల వైపు కారణాలు కూడా తక్కువేం కాదు. వాటిని చూసే మొదటి టెస్ట్ సెమెన్ అనాలసిస్, అదీ సులువైనదే. కానీ మన ఇళ్లలో అది చివరికి గుర్తొస్తుంది. నేను మూడు సైకిల్స్ గ్రాఫ్ చూపించినప్పుడు డాక్టర్ గారు "మీ ఓవ్యులేషన్ బాగానే అవుతోందమ్మా. ఈయన టెస్ట్ కూడా చేయిద్దాం" అన్నారు. మా ఆయన ఆ వారమే వెళ్లొచ్చారు. రిపోర్ట్ నార్మల్.

ఇప్పటికి తొమ్మిది నెలలు. ఇంకా విశేషం ఏమీ లేదు. కానీ మేం నిజంగా సరైన రోజుల్లో ప్రయత్నించింది గత రెండు సైకిల్సే కాబట్టి నా దృష్టిలో కౌంటర్ తొమ్మిది దగ్గర లేదు, రెండు దగ్గర ఉంది. మొన్న ఆదివారం అత్తయ్య మళ్లీ అడిగారు. "ఇంకా లేదత్తయ్యా, డాక్టర్ గారు అంతా బాగానే ఉందన్నారు" అని చెప్పాను. ఈసారి గొంతు వణకలేదు.

మీ దగ్గర టెంపరేచర్ డేటా ఉంటే మూడు, ఆరు రూల్ ఒకసారి పెట్టి చూడండి. డౌట్స్ ఉంటే అడగండి, తెలిసినంతవరకు చెప్తాను. తెలియనివి ఉంటే డాక్టర్‌నే అడుగుదాం.